ల్యాప్‌టాప్ పోతే పోయేది ల్యాప్‌టాప్ ఒక్కటే అయ్యేలా ఏం చేసుకోవాలి?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను. మాదాపూర్ హాస్టల్లో మీ రూమ్మేట్ ల్యాప్‌టాప్ పొద్దున ఆరింటికి, అందరూ నిద్రలో ఉండగా, చార్జింగ్‌కి పెట్టిన చోటి నుంచే పోయింది. మీరు పదిహేను రోజులకోసారి రాత్రి బస్సులో కాకినాడ వెళ్తుంటారు, ల్యాప్‌టాప్ వెంటే ఉంటుంది. విండోస్ 11, పిన్ పెట్టుకున్నారు. మీ ప్రశ్నలు నాలుగు: ఫోన్ లాగా ఐఎంఈఐతో బ్లాక్ చేయించవచ్చా, ట్రాకింగ్ యాప్ ఏది మంచిది, పిన్ ఉంది కాబట్టి డేటా భద్రమేనా, వైరు తాళం కొనడం దండగా కాదా.

నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, పంతొమ్మిదేళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగు చేస్తున్నాను. డేటా రికవరీ కూడా చేస్తాను. ల్యాప్‌టాప్ పోయినవాళ్లూ, దొరికినవాళ్లూ, దొంగసొత్తు అమ్మడానికి వచ్చేవాళ్లూ అందరూ మా కౌంటర్ ముందుకి వస్తారు. ఆ అనుభవంతో చెప్తున్నాను.

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. అసలు విషయం అక్కడే ఉంది.

మొన్నొకాయన మంచినీళ్లు ఒలికి ఆన్ కాని పాత ల్యాప్‌టాప్ పట్టుకొచ్చారు. "పాస్‌వర్డ్ నాకే గుర్తు లేదు, లోపలి ఫోటోలు వస్తాయా?" అని మొహమాటంగా అడిగారు. పాస్‌వర్డ్‌తో పనే లేదన్నాను. అడుగున పది స్క్రూలు తీసి, మూత అంచులోకి ప్లాస్టిక్ బిళ్ల దూర్చి లేపితే లోపల చూయింగ్ గమ్ ముక్కంత ఎస్‌ఎస్‌డీ కనిపిస్తుంది, ఫైళ్లన్నీ దాచి ఉంచే డిస్క్ అదే. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. దాన్ని పట్టి ఉంచేది ఒకే ఒక్క స్క్రూ. ఊడదీసి యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి నా సిస్టంకి తగిలించాను. యూజర్స్ ఫోల్డర్లో ఆయన పేరు మీద నొక్కితే, ఈ ఫోల్డర్ తెరవడానికి మీకు అనుమతి లేదంటూ చిన్న పెట్టె వచ్చింది. దాని కిందే కంటిన్యూ అని బటన్. నొక్కాను, తెరుచుకుంది. అంతా కలిపి పది నిమిషాలు పట్టలేదు. ఆయన తెగ సంతోషపడి, ఓ క్షణం ఆగి, "అంటే ఎవరైనా ఇలా తీసేయొచ్చా?" అన్నారు.

తీసేయొచ్చు. విండోస్ పాస్‌వర్డ్ గానీ పిన్ గానీ గదికి వేసిన తాళం లాంటిది. పెట్టెనే గదిలోంచి బయటికి తెచ్చుకున్నవాడికి ఆ తాళంతో పనేముంది? పెట్టెకే తాళం వేయాలి. దాని పేరే ఎన్‌క్రిప్షన్. అది ఆన్‌లో ఉంటే, డిస్క్ ఊడదీసి నేను తగిలించుకున్నా, నాకన్నా పెద్ద నిపుణుడు తగిలించుకున్నా, కనిపించేది చెత్త అక్షరాలే.

ఏ మాటకామాట చెప్పుకోవాలి, హాస్టల్లో దూరే దొంగకి మీ ఫైళ్ల మీద ఆసక్తి ఉండదు. వాడికి కావాల్సింది ఆ సాయంత్రానికి చేతిలో పడే నాలుగు వేలో ఐదు వేలో. కానీ ఆ వస్తువు వాడి చేతిలోనే ఆగదు. రెండు మూడు చేతులు మారుతుంది. మూడో చేతిలోనివాడు ఎవడో మీకూ తెలియదు, నాకూ తెలియదు. మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూసుకోండి. ఆధార్, పాన్ స్కాన్, ఆరు నెలల పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, పదో తరగతి మార్కుల మెమో, పాస్‌పోర్టు మొదటి పేజీ, రెజ్యూమె అన్నీ అక్కడే ఉంటాయి. ఇంకో విషయం. డౌన్‌లోడ్ చేసుకున్న ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుందని ధీమాగా ఉంటారు చాలామంది. ఆ పాస్‌వర్డ్ మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం. రెండూ పక్కనే ఉన్న రెజ్యూమెలో దొరుకుతాయి.

ఇక మీ మెషిన్లో ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో ఇప్పుడే చూడండి. సెట్టింగ్స్, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో డివైస్ ఎన్‌క్రిప్షన్. హోమ్ ఎడిషన్‌లో కూడా చాలా కొత్త ల్యాప్‌టాప్‌లకి ఇది ఉంటుంది. ప్రో ఎడిషన్ అయితే స్టార్ట్ మెనూలో బిట్‌లాకర్ అని వెతకండి, విండోస్ సొంత ఎన్‌క్రిప్షన్ పేరు అది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఇది దానంతటదే ఆన్ అవుతుంది. అందుకని మీది ఇప్పటికే ఆన్‌లో ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా, ఆ మెషిన్‌కే పరిమితమైన లోకల్ అకౌంట్‌తో వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త. ఎన్‌క్రిప్షన్ పూర్తి కావడానికి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వమని ఆ పేజీలో ఒక వాక్యం కనిపిస్తుంటే, డిస్క్ మీద తాళం పడింది గానీ తాళంచెవి దానికే వేలాడుతోందని అర్థం. లాగిన్ అయితేనే చెవి మీ చేతికి వస్తుంది.

మీ మెషిన్‌కి ఈ రెండూ లేకపోతే వెరాక్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మ్యాక్ వాడేవాళ్లకి ఫైల్‌వాల్ట్. ఉబుంటు లాంటివాటిలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకోవాలి, తర్వాత పెట్టుకోవడం పెద్ద తలనొప్పి.

పిన్ సంగతి కూడా ఇక్కడే. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయ్యాక ఇక మీ పిన్నే ద్వారపాలకుడు. పుట్టిన సంవత్సరం పెట్టకండి, రెజ్యూమెలో ఉంటుందని ఇందాకే అనుకున్నాం. ఆరు అంకెలకి తగ్గకుండా పెట్టండి. సీట్లోంచి లేచిన ప్రతిసారీ విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి తెర లాక్ చేయడం వేళ్లకి అలవాటు చేయండి. తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌ని లాక్కుపోతే ఏ ఎన్‌క్రిప్షనూ కాపాడదు, అప్పటికే అన్ని తలుపులూ మీరే తెరిచి పెట్టారు. ప్రయాణానికి ముందు మూత మూసేసి ఊరుకోకుండా షట్‌డౌన్ చేయండి.

అందరూ కళ్లు తేలేసేది రికవరీ కీ దగ్గర. దొంగల వల్ల డేటా పోగొట్టుకున్నవాళ్లకంటే, తాము పెట్టుకున్న తాళానికి చెవి లేక పోగొట్టుకున్నవాళ్లే ఈ మధ్య నా దగ్గరికి ఎక్కువ వస్తున్నారు. ఎన్‌క్రిప్షన్ ఆన్ అయినప్పుడు 48 అంకెల రికవరీ కీ ఒకటి తయారవుతుంది. మామూలు రోజుల్లో దాని మొహం కూడా మీరు చూడరు. మెషిన్‌ని ఆన్ చేసే మూల సాఫ్ట్‌వేర్ బయోస్ అప్‌డేట్ అయినప్పుడో, మదర్‌బోర్డు మార్చినప్పుడో, డిస్క్ వేరే మెషిన్‌లో పెట్టినప్పుడో నీలం తెర వచ్చి ఆ 48 అంకెలూ కొట్టమంటుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ తప్పుగా వెళ్లి ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ మెషిన్లు పడిపోయినప్పుడు ఆఫీసుల్లో జరిగిన హడావుడి గుర్తుందా? బాగు చేయడం పెద్ద పనేం కాదు, ఒక ఫైలు తీసేస్తే చాలు. కానీ చాలా మెషిన్లలో ఆ ఫైలు దాకా వెళ్లాలంటే ముందు ఈ కీ కొట్టాలి. కీలు ఎక్కడున్నాయో వెతుక్కోవడానికే కొన్నిచోట్ల రోజులు పట్టాయి.

ఇందులో మన దగ్గర మాత్రమే చూసే తమాషా ఒకటుంది. కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు షాపులో కుర్రాడు "సార్, సెటప్ చేసి ఇస్తా" అని తనకి తెలిసిన ఏదో మెయిల్ ఐడీతో లాగిన్ చేసి ఇచ్చేస్తాడు. రికవరీ కీ ఆ అకౌంట్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. రెండేళ్ల తర్వాత నీలం తెర వస్తుంది. అప్పటికి కుర్రాడు షాపు మారిపోయి ఉంటాడు. అలాంటి మెషిన్లు నా దగ్గరికి వస్తే చేతులెత్తి దండం పెట్టడం తప్ప చేయగలిగింది లేదు. నేను తీయలేను, ఇంకెవరూ తీయలేరు. 'మేం తీస్తాం' అని డబ్బులు అడిగేవాడు అబద్ధం చెబుతున్నట్టే.

కాబట్టి బ్రౌజర్లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్ కింద మీ ల్యాప్‌టాప్ కనిపిస్తోందో, దానికి రికవరీ కీ ఉందో ఈ సాయంత్రమే చూడండి. కాగితం మీద రెండు కాపీలు రాసుకోండి. ఒకటి కాకినాడ ఇంట్లో బీరువాలో, ఒకటి మీ సర్టిఫికెట్ల ఫైల్లో. ల్యాప్‌టాప్ బ్యాగు జేబులో మాత్రం వద్దు. నవ్వకండి, చూశాను కాబట్టే చెప్తున్నాను.

ఎన్‌క్రిప్షన్ వల్ల మీ వస్తువు ఇంకొకడికి ఉపయోగపడదు. మీకు మాత్రం తిరిగి రాదు. దానికి బ్యాకప్ ఉండాలి. ఈ రెండూ వేరువేరు నష్టాలని చాలామంది గ్రహించరు. ఒకటి మన దగ్గర లేకపోవడం, ఇంకొకటి పరాయివాడి దగ్గర ఉండటం.

నా కథే చెప్తాను. 2012లో నేను విజయవాడ వెళ్తున్నాను, రాత్రి బస్సు. సూర్యాపేట దగ్గర భోజనానికి ఆపారు. దిగి ఇడ్లీ తిని వచ్చేసరికి సీటు మీద బ్యాగు లేదు. ల్యాప్‌టాప్‌ల డాక్టర్ని, నాకు బ్యాకప్ లేకుండా ఉంటుందా? ఉంది, 500 జీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. అదే బ్యాగులో, పక్క అరలో. మా అమ్మాయి పుట్టినప్పటి నుంచి మూడేళ్ల ఫోటోలు రెండింటిలోనూ ఉన్నాయి, రెండూ ఒకేసారి పోయాయి. చివరికి మిగిలింది వైజాగ్‌లో మా తమ్ముడి దగ్గర ఉండిపోయిన అన్నప్రాశన సీడీ ఒక్కటే. ఇప్పటికీ మా ఆవిడ ఆ సూర్యాపేట ఇడ్లీ ఎంత ఖరీదో అడుగుతుంటుంది.

అమెరికా ప్రభుత్వం కూడా ఇదే పని చేసింది. 2006 మే 3న, మాజీ సైనికుల వ్యవహారాల శాఖలో పనిచేసే ఒక ఉద్యోగి మేరీల్యాండ్ ఇంట్లో దొంగలు పడి ల్యాప్‌టాప్, ఎక్స్‌టర్నల్ డిస్క్ రెండూ ఎత్తుకెళ్లారు. అందులో 2.65 కోట్ల మంది సైనికుల, మాజీ సైనికుల పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్నాయి, ఎన్‌క్రిప్షన్ లేకుండా. జూన్ నెలాఖరుకి రెండూ దొరికాయి, డేటా ఎవరూ తెరవలేదని ఎఫ్‌బీఐ తేల్చింది. అయినా కోర్టు వ్యవహారాల్లో 2009లో 2 కోట్ల డాలర్లు కట్టుకోవాల్సి వచ్చింది. అదే డిస్కుకి ఎన్‌క్రిప్షన్ ఉంటే పోలీసు స్టేషన్‌లో ఒక మామూలు దొంగతనం కేసుగా ముగిసేది.

బ్యాకప్‌కి పాత సూత్రం ఒకటుంది, మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరి బయట. మీలాంటివాళ్లకి దాన్ని ఇలా మార్చి చెప్తాను. ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి కాకినాడలో ఉంచేసిన హార్డ్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో. గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా 15 జీబీ వస్తుంది గానీ జీమెయిల్, ఫోటోలు అందులోనే పంచుకుంటాయి. వన్‌డ్రైవ్ 5 జీబీ. సినిమాలు బ్యాకప్ చేయక్కర్లేదు, మళ్లీ దొరకనివి ఏవో వాటికి ఈ చోటు చాలావరకు సరిపోతుంది. ఒక్క మెలిక ఉంది. క్లౌడ్ ఫోల్డర్ అద్దం లాంటిది, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. రీసైకిల్ బిన్‌లో 30 రోజులే ఆగుతుంది. అందుకే ఇంట్లో డిస్కు కూడా ఉండాలి. ఊరెళ్లిన ప్రతిసారీ అమ్మ చేతి కాఫీ తాగుతూ కాపీ పెట్టేయండి. మూడు నెలలకోసారి అందులోంచి ఏదో ఒక ఫైలు తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్‌లు నేను బోలెడు చూశాను.

ఇప్పుడు ఐఎంఈఐ. లేదు, బ్లాక్ చేయించలేరు. 2023 మేలో సంచార్ సాథీ పోర్టల్ వచ్చాక పోయిన ఫోన్లని ప్రభుత్వ ఐఎంఈఐ రిజిస్టర్ సీఈఐఆర్ ద్వారా బ్లాక్ చేయడం, వెతకడం తేలికైంది, పోలీసులు వందల ఫోన్లు తిరిగి ఇస్తున్న ఫోటోలు పేపర్లో వస్తుంటాయి. దాంతో ల్యాప్‌టాప్‌కీ అలాంటిదేదో ఉంటుందని అందరూ అనుకుంటున్నారు. ఐఎంఈఐ అనేది మొబైల్ నెట్‌వర్క్‌కి తగులుకునే వస్తువుకే ఉంటుంది. సిమ్ స్లాట్ లేని మామూలు వైఫై ల్యాప్‌టాప్‌కి అది లేదు. ఉన్నది సీరియల్ నంబరు. దానితో ఎవరూ దూరం నుంచి బ్లాక్ చేయలేరు, కానీ దొరికినప్పుడు ఇది నాదే అని నిరూపించేది అదే. అడుగున స్టిక్కర్ మీద, పెట్టె మీద, బిల్లు మీద ఉంటుంది. మూడింటినీ ఫోటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి. ఆ మెయిల్ ఉన్నవాళ్లకీ, "గ్రే కలర్ ల్యాప్‌టాప్ సార్, పైన స్టిక్కర్ ఉంటుంది" అని చెప్పేవాళ్లకీ స్టేషన్లో చాలా తేడా ఉంటుంది.

ట్రాకింగ్‌కి వేరే యాప్ కొనకండి. విండోస్‌లోనే ఫైండ్ మై డివైస్ ఉంది, అదే ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీలో. ముందే ఆన్ చేసి, లొకేషన్ కూడా ఆన్‌లో ఉంచితే, పోయాక బ్రౌజర్ నుంచి చివరిసారి ఎక్కడుందో చూడొచ్చు, లాక్ చేయొచ్చు. కానీ మరీ ఆశ పెట్టుకోవద్దు. ల్యాప్‌టాప్ నెట్‌కి తగిలితేనే అది పనిచేస్తుంది. దొంగ దాన్ని పనిగట్టుకుని వైఫైకి ఎందుకు కలుపుతాడు? పైగా ఫార్మాట్ కొట్టేస్తే కథ అక్కడితో సరి. ఈ విషయంలో మ్యాక్ మెరుగు. చుట్టుపక్కల ఉన్న ఆపిల్ ఫోన్ల బ్లూటూత్ ద్వారా నెట్ లేకపోయినా జాడ తెలుస్తుంది, టీ2 చిప్ గానీ ఆపిల్ సొంత చిప్ గానీ ఉన్నవాటిలో ఫైండ్ మై ఆన్‌లో ఉంటే చెరిపేసినా మళ్లీ యజమాని అకౌంటే అడుగుతుంది. మీకు ఉపయోగపడేది బ్యాగు లోపలి అరలో వేసుకునే చిన్న బ్లూటూత్ ట్యాగ్. మీ ఫోన్‌కి సరిపోయే రకం కొనుక్కోండి. తెలిసిన దొంగ దాన్ని తీసి పారేస్తాడు, అతని ఫోన్‌కి హెచ్చరిక కూడా వెళ్తుంది. కానీ బ్యాగు ఆటోలో మర్చిపోతే, ట్యాగ్ బంగారం.

ఎవరూ ముందుగా ఊహించని చిక్కు ఇంకొకటి. బస్సులో బ్యాగు పోతే అందులో ఫోను కూడా ఉందనుకోండి. జాడ చూద్దామని పక్కవాళ్ల ఫోన్లో అకౌంట్ తెరుస్తారు. ఓటీపీ అడుగుతుంది. ఓటీపీ ఎక్కడికి వెళ్తుంది? పోయిన ఫోన్‌కి. సరే, డూప్లికేట్ సిమ్ తెచ్చుకుందామంటే, సిమ్ మార్చిన మొదటి 24 గంటలు దానికి ఎస్ఎంఎస్‌లు రావు, మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన అది. అత్యవసరమైన ఆ ఒక్క రోజూ మీ చేతులు కట్టేసినట్టే. దీనికి మందు బ్యాకప్ కోడ్‌లు. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ప్రింట్ తీసి, పైన ఏమీ రాయకుండా పర్సులో పెట్టుకోండి. ఫోను మాత్రం ల్యాప్‌టాప్ బ్యాగులో కాక ఒంటి మీదే ఉండాలి.

వైరు తాళం గురించి అడిగారు. దండగ కాదు, మీ హాస్టల్ పరిస్థితికి సరిగ్గా పనికొస్తుంది. కట్టర్ తెచ్చుకున్నవాణ్ని అది ఆపదు, కానీ పొద్దున్నే పాలవాడిలా లోపలికి వచ్చి చేతికందింది పట్టుకుపోయేవాడి దగ్గర కట్టర్ ఉండదు. కొనేముందు మీ ల్యాప్‌టాప్ పక్కన చిన్న దీర్ఘచతురస్రపు రంధ్రం ఉందో చూసుకోండి, పల్చటి మోడళ్లలో చాలావాటికి అది లేదు. ఉంటే మంచం ఇనుప కాలికి చుట్టి తగిలించండి, బల్ల కాలికి వద్దు, బల్ల ఎత్తితే వచ్చేస్తుంది. లేకపోతే తాళం పడే అల్మరా. అసలు తాళం కంటే ముందు గది తలుపు. మొదట లేచినవాళ్లు స్నానానికి వెళ్తూ గడియ తీసి వదిలేస్తారు, మిగిలినవాళ్లు నిద్రలో ఉంటారు. హాస్టల్ దొంగతనాలన్నీ ఆ గంటలోనే.

బస్సులో బ్యాగు డిక్కీలో వేయకండి, పై అరలోనూ వద్దు. స్లీపర్ అయితే గోడవైపు, పట్టీ చేతికి ఒక చుట్టు. భోజనానికి ఆపినప్పుడు బ్యాగుతోనే దిగండి, నా ఇడ్లీ గుర్తుంచుకోండి. ఆపిన కారులో వెనక సీటు మీద ల్యాప్‌టాప్ బ్యాగు పెట్టడం, 'మీ బండి నుంచి ఆయిల్ కారుతోంది' అన్నవాడి మాట విని దిగడం, రెండూ బ్యాగుని దొంగ చేతికి ఇచ్చేయడమే. విమానంలో ల్యాప్‌టాప్ క్యాబిన్‌లోకే తీసుకెళ్లాలి, బ్యాటరీ వల్ల కూడా. అక్కడ పోయే చోటు ఒక్కటే, సెక్యూరిటీ ట్రే. మీ ట్రే స్కానర్‌లోకి వెళ్లాకే మీరు గేటు దాటండి. మర్చిపోతే విమానాశ్రయ భద్రత చూసే సీఐఎస్ఎఫ్ వెబ్‌సైట్‌లో దొరికిన వస్తువుల జాబితా ఉంటుంది, చూడండి.

రైలు విషయం మాత్రం చట్టప్రకారం కూడా తెలుసుకోవాలి. 1989 నాటి రైల్వే చట్టం 100వ సెక్షన్ ప్రకారం బుక్ చేయని చేతి సామానుకి, రైల్వే సిబ్బంది నిర్లక్ష్యాన్ని మీరు నిరూపిస్తే తప్ప, రైల్వే బాధ్యత ఉండదు. ప్రయాణికుడి దగ్గరున్న డబ్బు పోతే అది రైల్వే సేవా లోపం కాదని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నష్టపరిహారం మీద ఆశ పెట్టుకోకుండా బ్యాగు గొలుసుతో కట్టుకోండి. పోతే వెంటనే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి. టీటీఈ దగ్గరో కోచ్ అటెండెంట్ దగ్గరో ఫిర్యాదు ఫారం ఉంటుంది, దిగి వెనక్కి వెళ్లక్కర్లేదు.

ఒకవేళ పోయిందే అనుకోండి. మొదటి గంటలో చేయాల్సింది వెతకడం కాదు. కంపెనీ ల్యాప్‌టాప్ అయితే ముందు ఐటీవాళ్లకి ఫోన్, అర్ధరాత్రైనా సరే. దూరం నుంచి చెరిపేసే ఏర్పాటు వాళ్లకి ఉంటుంది. దొరుకుతుందేమోనని రెండు రోజులు దాచిపెట్టి, ఆఖరికి చెప్పి, పోయినందుకు కాక దాచినందుకు మాటపడ్డ కుర్రాణ్ని ఎరుగుదును. సొంతదైతే ఫోన్ తీసి మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, అకౌంట్లో డివైసెస్ జాబితాలో ఆ ల్యాప్‌టాప్‌ని సైన్ అవుట్ చేయండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్‌కి వెళ్లి దాన్ని తీసేయండి, ఇది అందరూ మర్చిపోతారు. తర్వాత బ్యాంకులు. ఎన్‌క్రిప్షన్ లేని మెషిన్ పోతే ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. మీ పాన్ మీద ఎవరైనా లోన్ తీసుకున్నారేమో తెలియడానికి క్రెడిట్ రిపోర్టు చూసుకోండి, ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. డబ్బు కదిలినట్టు కనిపిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్.

ఆ తర్వాత పోలీసులు. "అది మా లిమిట్స్ కాదు" అన్నా వెనక్కి రాకండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎక్కడ జరిగిన నేరానికైనా ఏ స్టేషన్లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. జీరో ఎఫ్ఐఆర్ అంటారే, అది. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇన్సూరెన్స్ ఉంటే ఆ కాపీ లేకుండా పని జరగదు.

మా లైన్‌లోవాళ్ల గురించీ ఒక మాట చెప్పాలి. చార్జర్ లేకుండా, బిల్లు లేకుండా, "పాస్‌వర్డ్ మా తమ్ముడికి తెలుసన్నా" అంటూ అమ్మకానికి వచ్చే ల్యాప్‌టాప్‌లు నెలకి ఒకటైనా చూస్తాను. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు చౌక అని ఎగబడకండి. దొంగసొత్తని తెలిసి గానీ, అనుమానించాల్సిన కారణం ఉండి గానీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కొన్నవాడికీ వర్తిస్తుంది.

చివరగా, మీరు అడగనిది ఒకటి. ల్యాప్‌టాప్‌లు దొంగల వల్ల ఎన్ని పోతాయో, ఆటోల్లో, టిఫిన్ సెంటర్లలో, రైలు బెర్తుల కింద మర్చిపోయి అన్ని పోతాయి. దొరికినవాళ్లలో ఇచ్చేద్దామనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. ఓ ఆటో డ్రైవర్ బ్యాగు పట్టుకుని మా షాపుకొచ్చి, "అన్నా, ఇది ఎవరిదో చూడు" అన్నాడు. ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతోంది, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, బ్యాగులో ఒక్క కాగితం లేదు. ఇందాకటి నుంచి నేను చెబుతున్న జాగ్రత్తలన్నీ ఆ మనిషి పాటించాడు, అందుకే మాకు ఆయన పేరే తెలియలేదు. చివరికి స్టేషన్లో అప్పగించాం. మీరు ల్యాప్‌టాప్ అడుగున ఒక స్టిక్కర్ మీద ఫోన్ నంబరు రాసి అంటించండి. మీ నంబరు కాదు, ఇంట్లో నాన్నగారి నంబరు. మీ ఫోనూ అదే బ్యాగులో ఉంటే, ఆటోవాడు చేసిన రింగు వాడి ఒళ్లోనే మోగుతుంది.